గుడిని విడిపించి ఎవరి చేతికిస్తారు? పీఠాధిపతులకు ఒక భక్తురాలి బహిరంగ లేఖ

పూజ్యులైన పీఠాధిపతులకు, స్వామీజీలకు నమస్కారం.

2025 జనవరి 5న గన్నవరం పక్కన కేసరపల్లిలో విశ్వహిందూ పరిషత్ పెట్టిన హైందవ శంఖారావం సభకు మీలో చాలామంది వచ్చారు. ఆలయాలను ప్రభుత్వం చేతుల్లోంచి తప్పించి హిందూ సమాజానికి అప్పగించాలన్నది ఆ సభ ప్రధాన డిమాండు. ఆ తర్వాత ఎక్కడ ప్రవచనం జరిగినా ఆ మాట వినిపిస్తూనే ఉంది. ఈమధ్య దానికి ఇంకో మాట కూడా తోడవుతోంది. గుడి ఒక్కటే సరిపోదట, రాజ్యం కూడా ధర్మం ప్రకారమే నడవాలట. చప్పట్లు ఆ రెండో మాటకే ఎక్కువ పడుతున్నాయి.

నేను నాస్తికురాలిని కాదు. శనివారం గుడికి వెళ్తాను, కార్తీకంలో దీపాలు పెడతాను, తిరుమల క్యూ కాంప్లెక్సులో అందరితోపాటు పడిగాపులు కాస్తాను. గుళ్ళ మీద సర్కారు పెత్తనం అంటే మీకెంత మంటో నాకూ అంతే. ముందు ఆ మంట సంగతి చెప్తాను, మీతో నాకు పేచీ ఎక్కడ వస్తుందో ఆ తర్వాత చెప్తాను.

మా ఊరి శివాలయానికి మాన్యం ఉంది. ఏటా తొలకరికి ముందు కౌలుకు వేలం వేస్తారు. అధికారి గారికి మా గుడితో కలిపి చుట్టుపక్కల బోలెడు గుళ్ళు. ఒక గుమాస్తాను వెంటబెట్టుకుని వస్తారు, మండపంలో కుర్చీ వేస్తారు. ఊళ్ళో దండోరా వేయించినట్టు కాగితంలో ఉంటుంది, విన్నవాళ్ళు మాత్రం ఎవరూ ఉండరు. పాట పాడేది నలుగురు. ఆ నలుగురూ ముందురోజే మాట్లాడుకుని వచ్చినవాళ్ళు. ఒకాయన అంకె చెప్తాడు, రెండో ఆయన దానిమీద నామమాత్రంగా పెంచుతాడు, మిగతా ఇద్దరూ తలకాయలు ఊపుతారు. పక్క చేలో ఎకరం కౌలు ఎంత పలుకుతుందో ఊళ్ళో ఎవరినడిగినా చెప్తారు. దేవుడి ఎకరం అందులో సగానికి కూడా పోదు, ఆ సగంలోనూ బకాయి పెడతారు. బకాయి అడగబోతే ఎమ్మెల్యే గారి మనిషి ఫోన్ చేస్తాడు. ప్రభుత్వం మారితే ఫోన్ చేసే మనిషి మారతాడు, బకాయి అలాగే ఉంటుంది. ఇటు గర్భగుడిలో దీపానికి నూనె మా పూజారి గారు చాలా నెలలు చేతి డబ్బుతోనే తెచ్చారు. ధూప దీప నైవేద్యం పథకం కింద చిన్న గుళ్ళకు ఇప్పుడు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ నెలకు 10,000 రూపాయలు ప్రకటించారు. అందులోనే దేవుడికి నైవేద్యం జరగాలి, పూజారి ఇల్లూ గడవాలి.

పెద్ద గుళ్ళది ఇంకో రకం కథ. 2021లో తిరుమల తిరుపతి దేవస్థానానికి 25 మందితో పాలక మండలి వేసి, అది చాలదన్నట్టు ప్రత్యేక ఆహ్వానితుల పేరుతో మరో 50 మందికి పైగా చేర్చారు. హైకోర్టు అడ్డుపడింది. అంతకు ముందు ఏడాది విజయనగరం రాజవంశం వాళ్ళ మాన్సాస్ ట్రస్టు, సింహాచలం దేవస్థానం చైర్మన్ కుర్చీలో జీవోతో మనిషిని మార్చారు. 2021 జూన్‌లో ఆ జీవోలను హైకోర్టే కొట్టేసింది. 2024లో తిరుమల లడ్డూ నెయ్యి కల్తీ అంటూ రగడ లేచినప్పుడు, దర్యాప్తు జరుగుతుండగా ముఖ్యమంత్రి పత్రికల ముందుకు వెళ్ళాల్సిన అవసరం ఏమొచ్చిందని సుప్రీంకోర్టు అడిగింది. కనీసం దేవుళ్ళనైనా రాజకీయాలకు దూరంగా ఉంచండని కూడా అంది. అక్టోబరులో తానే దర్యాప్తు బృందాన్ని ఏర్పాటు చేయించింది.

కాబట్టి పార్టీల వాళ్ళను గుడి మెట్లు దింపాలని మీరంటే నేను మీ పక్కనే నిలబడతాను. కానీ పైన చెప్పిన మూడు సందర్భాల్లోనూ ప్రభుత్వాన్ని ఆపింది ఎవరో చూడండి. ఏ మతానికీ చెందని చట్టం, ఆ చట్టాన్ని చదివే కోర్టు. ఏ పీఠమూ ఆపలేదు. నా లేఖ అంతా ఈ ఒక్క సంగతి చుట్టూనే తిరుగుతుంది.

గుళ్ళలోకి ప్రభుత్వం స్వాతంత్ర్యం వచ్చాకే దూరిందని సభల్లో చెప్తుంటారు. చరిత్ర అంతకంటే చాలా పాతది, కొంచెం తమాషాగా కూడా ఉంటుంది. ఆర్కాటు నవాబు రాజ్యం చేజిక్కాక తిరుమల ఆదాయం ఈస్టిండియా కంపెనీ చేతికొచ్చింది. 1817లో మద్రాసు ప్రభుత్వం ఏడో నంబరు రెగ్యులేషన్ తెచ్చి గుళ్ళ, సత్రాల ఆస్తులను రెవెన్యూ బోర్డు అజమాయిషీ కిందికి తీసుకుంది. అప్పుడు ఇంగ్లండులో మిషనరీలు గోల పెట్టారు. క్రైస్తవ ప్రభుత్వం విగ్రహారాధన లెక్కలు చూడటమేమిటి, మహాపాపం అన్నారు. ఆ ఒత్తిడికే కంపెనీ చేతులు దులుపుకుని, 1843లో తిరుమలను హథీరాంజీ మఠం మహంతుకు అప్పగించింది. అంటే ఈ నేల మీద మొదటి ఆలయ విముక్తి ఉద్యమం నడిపింది మిషనరీలన్నమాట! కేసరపల్లి వేదిక మీద ఈ ముక్క ఎవరూ చెప్పినట్టు లేదు.

విముక్తి తర్వాత ఏమైంది? తొంభై ఏళ్ళు మహంతుల పాలన. వాళ్ళు సన్యాసులు, వైష్ణవులు, మీరు కోరుకునే ధార్మిక నాయకత్వమే. అయినా కోర్టు కేసులు తెమల్లేదు. ప్రయాగ్ దాస్ మహంతు కాలంలో ఆలయ నిర్వహణకు స్కీము ఎలా ఉండాలన్న తగువు లండన్‌లో ప్రివీ కౌన్సిల్ దాకా పోయి 1907లో గానీ తేలలేదు. వేంకటేశ్వరుడి జమాఖర్చులు సముద్రం అవతల కూర్చున్న తెల్ల జడ్జీలు తేల్చాల్సి వచ్చింది. మిగతా గుళ్ళకు 1863 చట్టం కింద స్థానిక కమిటీలు వేశారు. సభ్యుడిగా ఒకసారి కూర్చుంటే చచ్చేదాకా సభ్యుడే. అడిగే నాథుడు లేడు.

దీన్ని మార్చమని అడిగిందీ హిందువులే, మార్చిందీ హిందువులే. 1925లో మద్రాసు రాష్ట్రంలో హిందూ దేవాదాయ చట్టం తెచ్చిన ముఖ్యమంత్రి పానగల్ రాజా, మన కాళహస్తి మనిషి. పానగంటి రామారాయణింగారు సంస్కృతం చదివినవారు, గుళ్ళంటే పడనివారు కాదు. దేవుడి సొమ్ము ధర్మకర్తల ఇళ్ళకు పోతుంటే చూస్తూ ఊరుకోలేక లెక్క అడిగే బోర్డు పెట్టారు. మఠాలు గట్టిగా ఎదురుతిరిగాయి. తర్వాత ప్రత్యేక చట్టం వచ్చి 1933లో తిరుమల కూడా మహంతుల చేతి నుంచి కమిటీకి వచ్చింది.

అందుకే అడుగుతున్నాను: విడిపించి ఎవరి చేతికిస్తారు? హిందూ సమాజానికి అంటే సంతకం పెట్టే చెయ్యి ఎవరిది? ధార్మిక పరిషత్ అంటున్నారు. ధర్మాచార్యులు, రిటైరైన జడ్జీలు, పెద్దమనుషులు అందులో ఉంటారని విన్నాను. బాగానే ఉంది. వాళ్ళను ఎవరు ఎంచుతారు? బాగా చేయకపోతే ఎవరు దింపుతారు? నచ్చని ప్రభుత్వాన్ని అయిదేళ్ళకు ఒకసారైనా ఓటుతో దింపుతున్నాం. పీఠాధిపతిని భక్తుడు దింపే మార్గం ఏ ఆగమంలోనైనా ఉందా?

ధార్మిక పరిషత్ పేరుతోనే ఒక సంస్థకు దేవాదాయ చట్టానికి 2007లో చేసిన సవరణలో చోటుంది, పీఠాధిపతులకు అందులో స్థానముంది. ప్రభుత్వాలు దాన్ని చాలా ఏళ్ళు కాగితం మీదే ఉంచేశాయి. మీరు దానికోసం కోర్టుకెక్కితే నాబోటి వాళ్ళు ఎంతోమంది వెంట వచ్చేవాళ్ళు.

దొంగతనానికి కాషాయం, ఖద్దరు తేడా లేదు. తిరుమల పరకామణిలో కానుకలు లెక్కపెట్టే చోట జేబుల్లేని పంచె కట్టించి, ఒళ్ళు తడిమి చూసి పంపుతారు, చుట్టూ కెమెరాలు ఉంటాయి. అలాంటి చోట 2023 ఏప్రిల్‌లో విదేశీ నోట్లు దాచుకుంటూ పట్టుబడ్డవాడు మఠం తరఫున పనిచేసే గుమాస్తా. పట్టుబడ్డాక ఆ కేసును లోక్ అదాలత్‌లో రాజీతో ముగించేసింది సర్కారీ వ్యవస్థ. ఆ రాజీ సంగతేమిటో తేల్చమని హైకోర్టు 2025లో సీఐడీని పురమాయించింది. ఇందులో మఠాన్ని నమ్మాలా, ప్రభుత్వాన్ని నమ్మాలా అంటే నేను ఎవరినీ నమ్మను. ఇద్దరి మీదా కన్నేసి ఉంచే మూడోవాడు కావాలంటాను.

ప్రాణాల విషయంలోనూ ఇంతే. 2025 జనవరిలో తిరుపతిలో వైకుంఠ ద్వార దర్శనం టోకెన్ల తొక్కిసలాటలో ఆరుగురు పోయారు. ఏప్రిల్ 30న సింహాచలం చందనోత్సవంలో గోడ కూలి ఏడుగురు పోయారు. ఈ రెండూ ప్రభుత్వ అజమాయిషీలోని గుళ్ళే. నవంబరు 1న ఏకాదశి రోజు కాశీబుగ్గలో తొమ్మిది మంది చనిపోయిన గుడి మాత్రం ఒక భక్తుడు సొంతంగా కట్టుకున్నది. ప్రైవేటు గుడి కాబట్టి మాకు సంబంధం లేదని అధికారులు అన్నప్పుడు జనానికి ఒళ్ళు మండింది. అంతమంది వచ్చే చోట మెట్లు, రెయిలింగు, దారి చూసే బాధ్యత ప్రభుత్వానిది కాదా అని అడిగారు. విముక్తి కావాలంటున్న గొంతులు కూడా ఆరోజు ప్రభుత్వాన్నే పిలిచాయి.

మసీదులు, చర్చిలకు లేని పెత్తనం మాకెందుకని మీరడుగుతారు. న్యాయమైన ప్రశ్నే, కానీ సగమే నిజం. వక్ఫ్ బోర్డు కూడా చట్టం పుట్టించిన బోర్డే. వక్ఫ్ సంస్థలు ఆదాయంలో వాటా ఆ బోర్డుకు కట్టాలి. 2025 సవరణతో ఆ బోర్డుల్లో ముస్లిమేతరులకూ చోటిచ్చారు. మన దేవాదాయ చట్టంలోనేమో ధర్మకర్త హిందువే అయివుండాలి. దాని మీద మీరెవరూ నోరెత్తినట్టు నాకు కనపడలేదు. సమానత్వం అడిగేటప్పుడు త్రాసు రెండు పళ్ళాలూ చూడాలి కదా స్వామీ.

మీ వాదనకు గట్టి ఆధారం నిజానికి వేరే ఉంది. 2014 జనవరిలో చిదంబరం నటరాజ ఆలయం కేసులో సుప్రీంకోర్టు ఒక మాట చెప్పింది. అవకతవకలు జరిగితే ప్రభుత్వం నిర్వహణ తీసుకోవచ్చు, అవి సరిచేశాక అప్పగించాలి, కలకాలం కూర్చోకూడదు అని. నేను దీంతో ఏకీభవిస్తాను. మన రాష్ట్రాల్లో ఈవో వచ్చి కూర్చున్నాక లేచిన గుళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. అయితే 1954లో శిరూరు మఠం కేసులో అదే కోర్టు గీసిన గీత కూడా మర్చిపోవద్దు. ఏ పూజ ఎలా చేయాలో మతం చూసుకుంటుంది, ఆస్తిని ఎలా నడపాలో చట్టం చూస్తుంది. నైవేద్యంలో దద్దోజనం పెట్టాలా పులిహోర పెట్టాలా అన్నది కమిషనర్ చెప్పకూడదు. మాన్యం కౌలు ఎంతకు పోయిందో స్వామీజీ దాచకూడదు.

సిక్కులు ఈ చిక్కుముడిని ఇంకోలా విప్పారు. మన 1925 చట్టం వచ్చిన ఏడాదే వాళ్ళకు గురుద్వారాల చట్టం వచ్చింది. అది ఊరికే రాలేదు. గురుద్వారాలను సొంత ఆస్తిగా మార్చుకున్న మహంతుల మీద పోరాడి, 1921లో నన్‌కానా సాహిబ్‌లో ప్రాణాలు పోగొట్టుకుని తెచ్చుకున్నారు. కమిటీని ఓటర్లు ఎన్నుకుంటారు, ఆడవాళ్ళకు మొదటి నుంచీ ఓటుంది. దాంట్లోనూ లోపం లేకపోలేదు, 2011 తర్వాత ఆ కమిటీకి సాధారణ ఎన్నికలే జరగలేదు. అయినా సాధువులకు కాకుండా మామూలు భక్తులకు ఓటిచ్చిన పద్ధతి అది. మీ ప్రతిపాదనలో మాకు ఓటుందా?

ఇక రెండో మాట, రాజ్యం ధర్మం ప్రకారం నడవాలన్నది. దీని దగ్గర నేను రాజీపడలేను, నేను ఆడదాన్ని కాబట్టి అసలు పడలేను. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం గారు మొదటి వితంతు వివాహం జరిపించినప్పుడు ఆయన వెనక ఉన్నది 1856 నాటి ప్రభుత్వ చట్టం. పెళ్ళి పందిరికి పోలీసు కాపలా పెట్టుకోవాల్సి వచ్చింది. పీఠం వైపు నుంచి వచ్చింది వెలి. ఆ పెళ్ళికి వెళ్ళినవాళ్ళకు నీళ్ళు, నిప్పు, పౌరోహిత్యం బందు చేశారు. దళితులకు గుడి తలుపులు తెరిపించింది మద్రాసు రాష్ట్రంలో 1939, 1947 చట్టాలు. దేవదాసీలుగా ఆడపిల్లలను దేవుడికి అంకితం చేయడాన్ని ఆపింది 1947 చట్టం, మన దగ్గర జోగినుల కోసం 1988లో మళ్ళీ ఇంకో చట్టం కావాల్సి వచ్చింది. వీటిలో పీఠాల ఒత్తిడితో వచ్చింది ఒక్కటైనా ఉంటే చెప్పండి, సంతోషంగా తెలుసుకుంటాను.

మతం ఏ మంచీ చేయలేదని నేననను. 2018 ఏప్రిల్‌లో హైదరాబాద్ జియాగూడ రంగనాథస్వామి ఆలయంలో చిలుకూరు బాలాజీ గుడి ప్రధాన అర్చకులు ఒక దళిత భక్తుడిని భుజాల మీద ఎత్తుకుని మేళతాళాలతో గర్భగుడి ముందుకు తీసుకెళ్ళారు. అంటరాని కులంవాడని దూరం పెట్టిన తిరుప్పాణాళ్వారును శ్రీరంగం అర్చకుడు లోకసారంగముని మోసుకెళ్ళిన కథను మళ్ళీ జరిపించారు. మునివాహన సేవ అన్నారు దాన్ని. ఏ జీవో ఆ పని చేయించలేదు. ఆ వీడియో చూసి మా ఇంట్లో పెద్దవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు.

అదే అర్చకుడి ఇంటికి 2025 ఫిబ్రవరిలో రామరాజ్యం తెస్తామంటూ ఒక గుంపు వెళ్ళింది. తమ సైన్యానికి మనుషులను చేర్చిపెట్టమంది, కాదన్నందుకు ఆయన మీద చెయ్యిచేసుకుంది. వైష్ణవ అర్చకుడిని రాముడి పేరుతో కొట్టారు. రాజ్యమే వాళ్ళ చేతిలో ఉండుంటే ఆయన ఎక్కడ మొరపెట్టుకోవాలి? రాజ్యం వాళ్ళది కాదు కాబట్టి పోలీసులు కేసు పెట్టి పట్టుకున్నారు.

ధర్మశాస్త్రం రాజ్యాంగమైతే ఎలా ఉంటుందో ఊహించుకోనక్కర్లేదు, పక్కింట్లోనే చూశాం. నేపాల్‌లో 1854లో జంగ్ బహదూర్ రాణా తెచ్చిన ములుకీ ఐన్ అనే చట్టంలో ఒకే తప్పుకు కులాన్ని బట్టి వేరు వేరు శిక్షలు. హత్య చేసినా బ్రాహ్మణుడికి మరణశిక్ష లేదు. అంటరానివాళ్ళు ఎవరో చట్టమే రాసి పెట్టింది. 1963లో గానీ ఆ చట్టం పోలేదు, ఆ తర్వాతా ఆచారం మిగిలింది. హిందూ రాజ్యంగా ఉన్నన్నాళ్ళూ అక్కడి దళితుడు హిందువే, మరి ఆయనకు ఆ రాజ్యంతో ఒరిగిందేమిటి? ఇరాన్ వైపు చూసినా అంతే. 2013 అధ్యక్ష ఎన్నికల్లో అక్కడి మతపెద్దలు, న్యాయనిపుణులు కూర్చునే సంరక్షక మండలి పోటీకి అర్హత లేదని పక్కన పెట్టినవాళ్ళలో రఫ్సంజానీ ఉన్నారు. ఆయన స్వయంగా మతపెద్ద, ఆ దేశానికి రెండుసార్లు అధ్యక్షుడిగా చేసినవాడు. మీ ధర్మరాజ్యంలో ఏ సంప్రదాయం గెలుస్తుంది? అద్వైతమా, విశిష్టాద్వైతమా, ద్వైతమా? శివాలయంలో విభూతి, విష్ణ్వాలయంలో తిరుమణి ఇన్నాళ్ళూ ఎవరి దారిన అవి బతుకుతున్నాయంటే, రాజ్యం ఏ బొట్టూ పెట్టుకోలేదు కాబట్టే.

స్వామీ, చివరగా ఒక విన్నపం. మీరు కోరే చట్టం ముసాయిదాను తెలుగులో రాయించి బయటపెట్టండి. ధర్మకర్తలను భక్తులు ఓటేసి ఎన్నుకునే పద్ధతి అందులో రాయండి. ఏ పార్టీ సభ్యత్వం ఉన్నవాళ్ళూ పోటీ చేయకూడదని రాయండి, ఇది మీ వేదిక పంచుకునే నాయకులకూ వర్తించాలి. ఆడవాళ్ళు, దళితులు ధర్మకర్తల్లో ఎంతమంది ఉంటారో అంకె వేయండి, తగిన ప్రాతినిధ్యం అని వదిలేయకండి. అర్చకత్వం గురించి కూడా తేల్చండి. 1987 దేవాదాయ చట్టం అర్చకుల వంశపారంపర్య హక్కులు తీసేసింది, 1996లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది, 2007 సవరణ అర్చక కుటుంబాలకు కొంత తిరిగిచ్చింది. ఆగమం చదివి పరీక్ష పాసైన ఏ కులం పిల్లవాడినైనా పూజకు నిలబెట్టవచ్చని 2002లో కేరళ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మీరు దాన్ని ఒప్పుకుంటారా, లేదా? ఔననో కాదనో సూటిగా రాయండి. గుడి జమాఖర్చులు ప్రతి ఏడూ ఉగాదికి గోపురం దగ్గర గోడ మీద అంటించాలని, మాన్యం సర్వే నంబరు, కౌలుదారు పేరు, కట్టిన సొమ్ము అందులో ఉండాలని చేర్చండి. లెక్క తేడా వస్తే భక్తుడు నేరుగా కోర్టుకు వెళ్ళవచ్చన్న సెక్షన్ మాత్రం మరిచిపోకండి.

ముసాయిదా వస్తే మా ఊళ్ళో పదిమందిని గుడి మండపంలో కూర్చోబెట్టి చదివి వినిపిస్తాను. బాగుంటే మీ తర్వాతి సభకు అందరం కలిసి బస్సు మాట్లాడుకుని వస్తాం. అభ్యంతరాలుంటే సెక్షన్ల వారీగా రాసి మీ పీఠాలకే పంపుతాం.

ఇట్లు,
భవదీయురాలు,
ఒక భక్తురాలు